గుస్సా ఎవరి మీద?

పెళ్ళాన్ని కొట్టిన మొగుడి గురించి చెప్పుకోవడానికి మా ఆదోనిలో, ఎమ్మిగనూరులో నాలుగు మాటలున్నాయి. తాగొచ్చినాడు, అనేది మొదటిది. పనిలేక దిమాగ్ ఖరాబైంది, అనేది రెండోది. వాని మీద ఏదో ఉంది, అంటే జిన్నో గాలో పట్టింది, అనేది మూడోది. ఈ మూడూ అతకనప్పుడు నాలుగోది వస్తుంది: గుస్సేమే మార్యా, కోపంలో కొట్టినాడు, మనిషి మంచోడే. ఉర్దూ రాని దూదేకుల ఇళ్ళల్లో ఇదే మాటను తెలుగులో అంటారు. హిందువుల వీధిలోకి పోయినా ఇదే మాట, యాస మారుతుందంతే. అత్త నోట, జమాత్ పెద్దల నోట, పోలీస్ స్టేషన్‌లో రాజీ చేసే మనిషి నోట, చివరికి మనం రాసుకునే కథల్లో కూడా ఈ నాలుగు మాటలే తిరుగుతుంటాయి. ఒక కథను విమర్శించినట్టే వీటిని విమర్శించాలని మేము కూచున్నాం. ఎందుకంటే ఇవి కూడా ఒక కథే చెబుతాయి. అందులో కొట్టినవాడికి గతం ఉంటుంది, బాధ ఉంటుంది, కారణం ఉంటుంది. దెబ్బలు తిన్న మనిషికి మాత్రం పేరు కూడా ఉండదు. ఆమె వాడి కష్టాల జాబితాలో ఒక సంఘటన.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. ఇంటి మాట వీధిలో పెట్టొద్దని మాకు చెప్పేవాళ్ళు చాలామంది. వాళ్ళ భయం వట్టిది కాదు. 1985లో షాబానో తీర్పు వచ్చినప్పుడు ఆ అరవై ఏళ్ళు దాటిన ఇండోర్ ముసలామె బతుకు గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ, ఆమె భుజం మీదుగా మొత్తం ఖౌమ్‌ను వేలెత్తి చూపినవాళ్ళు ఎక్కువ. మరుసటి ఏడాది పార్లమెంటు చేసిన చట్టం ముస్లిం మగవాడి మాట నిలబెట్టి, ముస్లిం స్త్రీని వక్ఫ్ బోర్డు వాకిట్లో నిలబెట్టింది. 1992 డిసెంబరు తర్వాత మనల్ని మనం కాపాడుకోవడమే పెద్ద పని అయింది. 2019లో తలాక్ చట్టం వచ్చింది. ప్రతిసారీ మన ఆడవాళ్ళ కన్నీళ్ళు ఎవరి చేతిలోనో జెండా అయ్యాయి. కాబట్టి నోరు మూసుకోవడమే మేలని అనిపించడం సహజం. అయితే మనం నోరు మూసుకున్నంత మాత్రాన వాళ్ళు నోరు మూసుకున్నారా? లేదు. లోపల ఏడుస్తున్న మనిషి మాత్రం రెండు వైపులా గోడలున్న సందులో ఇరుక్కుపోయింది. బయటివాడు ఆమె గురించి మాట్లాడతాడు, వినడు. లోపలివాడు వింటాడు, మాట్లాడనివ్వడు. అస్తిత్వం గురించి రాస్తున్నామంటే ఈ సందులో ఉన్న మనిషి అస్తిత్వం కూడా అందులో ఉండాలి కదా!

ఇక ఆ నాలుగు మాటల్లో నిజం లేదా? ఉంది. కర్నూలు జిల్లా పడమటి మొగాన బతికినవాళ్ళకు తెలుస్తుంది. సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, పాత కోట, వ్యాపారం జోరు చూసి జనం పెట్టిన ‘రెండో ముంబయి’ అనే పేరు, ఇవన్నీ ఆదోనికి ఉన్నాయి. పత్తి మార్కెట్టుకు మన పల్లెలనుంచే కాదు, కర్ణాటకనుంచి కూడా బండ్లు వస్తాయి. కానీ పత్తి పండిన నెలల్లోనే జిన్నింగు మిల్లుల్లో పని. మిగతా నెలల్లో ఖాళీ. విల్లు భుజాన వేసుకుని దూదేకి బతికిన కులానికి మిల్లులు రావడంతోనే చేతిపని పోయింది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సంఘం పెట్టాక దుప్పట్లూ తువ్వాళ్ళూ ఊరికి పేరు తెచ్చాయి. మరమగ్గం వచ్చాక ఆ పేరు మిగిలింది, కూలి తగ్గింది. వానలు ముఖం చాటేస్తే కోసిగి, ఆలూరు, మంత్రాలయం వైపు ఊళ్ళకు ఊళ్ళే తాళాలు వేసుకుని సుగ్గికి పోతాయి. గుంటూరు మిరపకాయల కోతకు కొందరు, బెంగుళూరు కట్టుబడి పనులకు కొందరు. ముందే బయానా తీసుకుని మేస్త్రీకి బాకీ పడి పోయేవాళ్ళు ఎందరో.

ఇట్లాంటి బతుకు మనిషి మనసును నలగ్గొడుతుంది. దీన్ని కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక లెక్క చూడాలి. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో నాలుగో వంతుకు పైన రోజుకూలీలు. చనిపోయినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. మగవాడి దిగులును మేము చిన్నచూపు చూడటం లేదు. మగవాడు ఏడవకూడదని నేర్పి పెంచాక, ఆ ఏడుపు ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. నిద్ర పట్టకపోవడం, ఎప్పుడూ చిరాకు, అనుమానం, సీసా, ఒక్కోసారి తాడు. దీనికి వైద్యం కావాలి, పని కావాలి, కూలి కావాలి. ఇందులో మాకు రెండో మాట లేదు. మా తగాదా అంతా ఆ దిగులుకూ ఆమె చెంపకూ మధ్యన ఉన్న దారి గురించే. దిగులు పడిన ప్రతివాడూ కొట్టడు. కొట్టే ప్రతివాడూ దిగులు పడినవాడు కాడు. మరి ఆ దారి ఎవరు వేశారు?

తాగుడు సంగతి చూద్దాం. తెలుగు దేశంలో ఈ మాటకు పెద్ద చరిత్రే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు 1992లో సారా దుకాణాల మీద పడ్డారు. ఆ మంట జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది ఎత్తేశారు. 2019 తర్వాత దశలవారీ నిషేధం అన్నారు, మన పడమటి మండలాల్లోకి కర్ణాటక ప్యాకెట్లు సంచుల్లో దిగాయి. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు తెరిచి 99 రూపాయలకే క్వార్టరు అందించారు. ఆ ఉద్యమంలో ఆడవాళ్ళు చెప్పింది అక్షరాలా నిజం. తాగే మొగుడున్న ఇల్లు నరకం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, అంటే 2019-21 నాటి లెక్క, ఇదే చెబుతుంది. భర్త తరచూ తప్పతాగే ఇళ్ళల్లో నూటికి 70 మంది ఆడవాళ్ళు దెబ్బలో బలవంతమో అనుభవించారు.

కానీ అదే లెక్కలో రెండో గడి ఒకటుంది. దాన్ని ఎవరూ చదవరు. భర్త అసలు తాగని ఇళ్ళల్లో ఆ సంఖ్య నూటికి 23. చుక్క ముట్టని ఇంట్లో నలుగురిలో దాదాపు ఒక ఆడమనిషి దెబ్బలు తిన్నది! మా సమాజానికి ఈ రెండో గడే అసలు అద్దం. మద్యం హరాం అని నమ్మి దాని జోలికి పోని ఇళ్ళు మనలో ఎన్నో. మనవాడు తాగడమ్మా, ఐదు పూటలా నమాజు చదువుతాడు, అని సంబంధం కలుపుతారు. తాగనివాడు కొట్టినప్పుడు ఆ పిల్ల నోట మాట రాదు. తాగుబోతు పెళ్ళానికి చుట్టుపక్కల సానుభూతి అయినా ఉంటుంది. పరహేజ్‌గారు భార్యకు అది కూడా లేదు. ఏం తప్పు చేసిందో, అంటారు.

తాగుడు మాన్పిస్తే దెబ్బలు ఆగుతాయా అనేదానికి ఒక పరీక్ష జరిగింది. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 377 మంది తాగే మగవాళ్ళను తీసుకుని, కొందరికి మామూలు వైద్యం, కొందరికి దానితోపాటు స్థానిక కార్యకర్తల చేత కౌన్సెలింగు ఇచ్చారు. ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మూడు నెలల తర్వాత కౌన్సెలింగు దొరికినవాళ్ళలో 42 శాతం, దొరకనివాళ్ళలో 18 శాతం తాగుడు మానేసి ఉన్నారు. ఇది చిన్న విజయం కాదు. ఆదోనిలో అట్లాంటి కార్యకర్తలు నలుగురుంటే ఎన్ని ఇళ్ళు నిలబడతాయో! కానీ భార్యను హింసించడం దగ్గర రెండు గుంపులకూ తేడా కనబడలేదు. మూడు నెలలు చాలదనే వాదన ఉండొచ్చు, ఒప్పుకుందాం. అయినా సీసా ఒక జబ్బు, చెయ్యి ఇంకొకటి అనే సంగతి ఇక్కడ తొంగి చూస్తోంది. సీసా ఆ చేతికి బలం ఇస్తుంది, సాకు ఇస్తుంది, మరుసటి పొద్దున మాఫీ ఇప్పిస్తుంది. చేతిని పుట్టించింది అది కాదు.

దిమాగ్ సంగతికి వస్తే మరింత జాగ్రత్త కావాలి. స్వీడన్‌లో ఆసుపత్రి రికార్డులనూ పోలీసు రికార్డులనూ ఎన్నో ఏళ్ళపాటు పక్కపక్కన పెట్టి చూశారు. 2019లో అచ్చయిన ఆ పరిశీలనలో, మానసిక జబ్బులున్న మగవాళ్ళు భార్యనో ప్రియురాలినో హింసించిన కేసుల్లో అరెస్టు కావడం మిగతావాళ్ళకంటే ఎక్కువని తేలింది. మద్యం, మత్తుమందుల అలవాటు, వ్యక్తిత్వ లోపాలు ఉన్నవాళ్ళలో అది మరీ ఎక్కువ. దిగులు జబ్బు ఉన్నవాళ్ళలో కూడా కొంత ఎక్కువే. కాబట్టి జబ్బుకూ దెబ్బకూ సంబంధమే లేదని కొట్టిపారేసే స్త్రీవాద మిత్రులతో మేము ఏకీభవించలేం. అయితే ఆ పరిశీలనలోనే జబ్బున్నవాళ్ళలో అట్లా అరెస్టయినవాళ్ళు చాలా చాలా కొద్దిమంది. పిచ్చోడు కొడతాడు అనే మాట జబ్బుపడ్డవాడి మీద వేసే నింద. వీధిలో రాళ్ళు తినే మతిలేని మనిషిని చూడండి, ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలుస్తుంది.

మా దగ్గర మనసు జబ్బుకు మొదటి వైద్యం తావీజు. తర్వాత దర్గా. ఎల్లార్తి ఉరుసుకు హిందువూ ముస్లిమూ కలిసే పోతారు, అక్కడ మొక్కుకుంటే గుండె బరువు దిగుతుందని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేసే హేతువాదం మాది కాదు. పేదవాడికి ఎవరూ ఏమీ అడగకుండా కూచోబెట్టుకునే చోటు ఇంకేదుంది? కానీ 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయాక, దువాతోపాటు దవా కూడా కావాలని చెప్పడానికి ఇంకెవరి సాక్ష్యం అక్కర్లేదు. దర్గాకు పోయేది కూడా ఎక్కువగా ఎవరు? దెబ్బలు తిని తిని మాటా పలుకూ పోయిన ఆడమనిషిని తీసుకుపోతారు. ఆమెకు జిన్ను పట్టిందంటారు. కొట్టినవాడు పక్కనే నిలబడి అగరొత్తులు వెలిగిస్తాడు. జిన్ను ఎవరికి పట్టిందో నిర్ణయించేది కూడా ఇంటి పెద్దే!

గుస్సా అనే నాలుగో మాట దగ్గర మేము ఎక్కువసేపు ఆగుతాం. కోపంలో ఒళ్ళు తెలియలేదంటారు. ఒళ్ళు తెలియనివాడు అందర్నీ కొట్టాలి. వీడు కూలి ఎగ్గొట్టిన మేస్త్రీని కొట్టడు. మార్కెట్ యార్డులో కాటా దగ్గర మోసం చేసిన దలాలిని కొట్టడు. బాకీ కోసం నలుగురిలో తిట్టిన సేటును కొట్టడు. లాఠీ ఎత్తిన పోలీసును కొట్టడు. వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఇంటికొచ్చి, తలుపు గడియ వేసి, పిల్లల్ని పక్కకు తోసి అప్పుడు కొడతాడు. బురఖా వేసుకుంటే కనబడని చోట కొట్టేవాళ్ళూ ఉన్నారు. గడియ వేయడం గుర్తున్న కోపాన్ని పిచ్చి అందామా? జబ్బు మనిషికి కోపం తెప్పించవచ్చు, తాగుడు ఆ కోపాన్ని రెట్టింపు చేయవచ్చు, కరువు దాన్ని రోజూ మండించవచ్చు. ఎవరి మీద అనేది మాత్రం జబ్బు చెప్పదు. అది ఎవరో ముందే చెప్పి ఉంచారు.

ఇక్కడ మన సాహిత్యం మాట. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చి, ఈ దేశంలో ముస్లిం కావడమంటే ఏమిటో తెలుగువాళ్ళ ముందు నిలదీసి చెప్పింది. 1998లో ‘జల్‌జలా’తో ఆ గొంతు గుంపు గొంతు అయింది. ఆ రాతల్లోంచి బలమైన వాదన ఒకటి పుట్టింది. బయట ప్రతిచోటా అనుమానపు చూపులు, అద్దె ఇల్లు దొరకదు, పని దొరకదు, క్రికెట్ మ్యాచ్ అయితే చాలు దేశభక్తి నిరూపించుకోవాలి, ఇట్లా నలిగిన మనిషి ఆ అవమానాన్ని ఇంటికి మోసుకొస్తాడు అని. ఈ వాదన నిజాయితీగలదే. అవమానం మనిషిని లోపల్నించి తింటుంది. కానీ దీన్ని భార్య వైపునుంచి ఒకసారి తిప్పి చదవండి. బస్సులో బురఖా చూసి ముఖం తిప్పుకున్నది ఎవర్ని చూసి? మిల్లులో దూదిపొడి పీల్చి సగం కూలి తీసుకున్నది ఎవరు? రేషను కార్డు ఆఫీసులో పేరు విని మళ్ళీ రమ్మన్నది ఎవర్ని? ఆ అవమానం అంతా ఆమెకూ ఉంది, పైన ఈ దెబ్బలున్నాయి. ఆమె తన అవమానాన్ని ఎవరి మీద దించుకుంటోంది? మహా అయితే పిల్లల మీద. మొగుడి మీద ఎత్తదు. అంటే అవమానం కూడా తనకంటే కిందున్నవాళ్ళనే వెతుక్కుంటుంది. ఈ మెట్లు ఎవరు కట్టారో అడగకుండా అవమానం గురించి ఎంత రాసినా సగమే రాసినట్టు. షాజహానా 2005లో ‘నఖాబ్’తో వచ్చాక ఆ రెండో సగం కొంత మొదలైంది. ఆ కవితల్ని ముస్లిం మగకవులు పొగిడినంతగా చదివారా అన్నది మాకిప్పటికీ అనుమానమే.

తెలుగు నవలలో అందరికీ గుర్తున్న ముస్లిం ప్రేమికుడు ఎవరంటే చలం ‘మైదానం’లో అమీర్ అంటారు. 1920ల చివర వచ్చిన ఆ నవలలో వకీలు పెళ్ళాం రాజేశ్వరి ఇల్లు విడిచి అతనితో పోతుంది. అమీర్‌కు మోహం ఉంది, అసూయ ఉంది, కోపం ఉంది, చెయ్యెత్తడం కూడా ఉంది. దాన్ని రాజేశ్వరి మోహపు తీవ్రతలో భాగంగానే తీసుకుంటుంది. చలం ధైర్యం చలానిదే, దాన్ని తగ్గించబోవడం లేదు. కానీ ఒక ముస్లిం పాఠకురాలు ఆ పుస్తకం మూసేటప్పుడు ఏమనుకోవాలి? అగ్రకుల సంసారపు ఉక్కపోతనుంచి రాజేశ్వరికి విడుదల కావాల్సి వచ్చినప్పుడు ప్రకృతిలా, మృగంలా, అడ్డూ ఆపూ లేని ఒక మగవాడు కావాల్సి వచ్చాడు. అతన్ని మన ఇంట్లోంచి తీసుకున్నారు. అతని కోపం అందమైంది. అదే కోపం కింద ఆదోని సందులో బతికే ఆడమనిషికి అది అందంగా ఉండదు. తురకోడికి కోపమెక్కువ అని బయటివాడు తిట్టుగా అంటాడు. పఠాన్ ఖూన్ హై, గరమ్ హై, అని మనవాడు గర్వంగా అంటాడు. రెండూ ఒకే మాట. రెండు చోట్లా కోపం రక్తంలో ఉందని చెబుతున్నారు, రక్తంలో ఉన్నదానికి మనిషి బాధ్యత పడక్కర్లేదు కదా!

మతమే ఇదంతా నేర్పిందని తేల్చేసే సెక్యులర్ మిత్రులకు ఒక లెక్క ముందు పెడతాం. ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఒక ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికి పోయినా, అత్తమామల్ని లక్ష్యపెట్టకపోయినా, ఎదురు మాట్లాడినా, వంట సరిగా చేయకపోయినా, ఇట్లా ఏడు కారణాలు చెప్పి, ఇందులో ఏ ఒక్కదానికైనా భర్త కొట్టడం సబబేనా అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 84 మంది ఆడవాళ్ళు సబబే అన్నారు. తెలంగాణలోనూ 84. పక్కనున్న కర్ణాటకలో 77. రెండు తెలుగు రాష్ట్రాలు దేశంలోనే ముందున్నాయి. ఇక్కడ ముస్లింలు ఎందరున్నారు? నూటికి పదో, పన్నెండో. ఈ 84లో సీతను ఆదర్శం చెప్పేవాళ్ళూ ఉన్నారు, కీర్తనలు పాడేవాళ్ళూ ఉన్నారు, మనవాళ్ళూ ఉన్నారు. ఈ ఒక్క విషయంలో తెలుగుజాతి సమైక్యత చూసి ముచ్చటపడాలి!

మేము అడిగిన దారి వేసింది ఈ ఇజాజతే, ఈ అనుమతే. దాన్ని ముందుగా నేర్చుకునేది చదువూ మతమూ రాని వయసులో, ఇంట్లో. అబ్బా చెయ్యెత్తినప్పుడు అమ్మీ చీర కొంగు వెనక దాక్కున్న పిల్లవాడు రెండు పాఠాలు నేర్చుకుంటాడు. ఒకటి భయం. రెండోది, పెద్దయ్యాక తను ఎటువైపు నిలబడతాడో. చిన్నప్పుడు దెబ్బలు తిన్న, దెబ్బలు చూసిన మగపిల్లలు పెద్దయ్యాక భార్యను హింసించే ప్రమాదం ఎక్కువని ఐక్యరాజ్యసమితి సంస్థలు ఆసియా, పసిఫిక్‌లోని ఆరు దేశాల్లో పదివేల మందికి పైగా మగవాళ్ళనే అడిగి 2013లో చెప్పాయి. అక్కడే కూచున్న చెల్లెలు కూడా పాఠం నేర్చుకుంటుంది, ఆ 84లో ఒకతె అవుతుంది. మందు రాయగలిగిన జబ్బు ఇదొక్కటి కాదు కాబట్టి డాక్టరు దగ్గర దీనికి చీటీ దొరకదు.

మతం పేరు చెప్పి చెయ్యెత్తేవాళ్ళతో మాత్రం మాకు వేరే లెక్క ఉంది. సూరె నిసా ముప్ఫై నాలుగో ఆయతును చూపిస్తారు. ఆ ఒక్క మాటకు అర్థం గురించి ఆలిములు వందల ఏళ్ళుగా షరతుల మీద షరతులు పెడుతూ వచ్చారు. 2007లో అచ్చయిన తన ఇంగ్లీషు అనువాదంలో లాలే బఖ్తియార్ దానికి దూరంగా జరగడం అనే అర్థం తీసుకున్నారు. ఆ చర్చ పండితులు చేసుకోనీ. ప్రవక్త తన జీవితంలో ఏ స్త్రీ మీదా చెయ్యి ఎత్తలేదని ఆయన భార్య ఆయిషా చెప్పిన హదీసు మాత్రం అందరూ ఒప్పుకునేదే. గడ్డం సున్నత్, మిస్వాక్ సున్నత్, కుడిచేత్తో తినడం సున్నత్. వీటికి పట్టింపు ఉన్నవాళ్ళు ఈ సున్నత్ దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మరిచిపోతారు? జుమా బయానులో సూదు గురించి, సినిమాల గురించి, ఆడపిల్లల ఫోన్ల గురించి వింటూనే ఉన్నాం. దీని గురించి బయాను ఎన్ని జుమాలకు ఒకసారి వినబడుతోందో మసీదుకు పోయేవాళ్ళు లెక్కపెట్టి చెప్పాలి. ఆడవాళ్ళం గోడ అవతలనుంచి మైకులో వింటున్నాం.

ఢిల్లీ చట్టాలు కూడా ఈ చేతిని చూడలేదు. మూడుసార్లు తలాక్ అంటే చెల్లదని 2017లో సుప్రీంకోర్టు చెప్పాక, చెల్లని ఆ మాటకు 2019లో మూడేళ్ళ జైలు పెట్టారు. మాట అన్నవాడు నేరస్తుడు. మాట అనకుండా ఇరవై ఏళ్ళు కొట్టినవాడు అందరిలాంటి భర్త, వాడికోసం 1983నాటి 498ఏ ఉంది, ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. దానికోసం స్టేషను మెట్లెక్కిన ముస్లిం స్త్రీకి ఎదురయ్యేది మాకు తెలుసు. మీవాళ్ళలో ఇది మామూలే కదమ్మా, మీ జమాత్‌లో తేల్చుకోండి, అంటారు. జమాత్‌కు వస్తే, పోలీసులదాకా పోయి ఖౌమ్ పరువు తీశావు, అంటారు. అందుకే దేశం మొత్తంలో దెబ్బలు తిన్న స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు నూటికి 14 మందేనని ఆ సర్వే చెప్పినప్పుడు మేము ఆశ్చర్యపోలేదు. జమాత్ పెద్దలు వేసే మొదటి ప్రశ్న కూడా మాకు తెలుసు. తూ క్యా కరీ? నువ్వేం చేశావు? కొట్టినవాణ్ణి ఆ ప్రశ్న అడిగిన పంచాయితీ మా రెండూళ్ళలో ఎంత అరుదో! సయోధ్య కుదిర్చి పంపేటప్పుడు వాడి తాగుడుకు డాక్టరు దగ్గరికి పొమ్మని షరతు పెట్టవచ్చు. నిఖానామాలో చెయ్యెత్తకూడదని షరతు రాయించవచ్చు, షరతులు రాసుకునే వీలు మన నిఖాలోనే ఉంది. మెహర్ అంకె దగ్గర గంటలు గంటలు బేరమాడే మామూలకు ఈ ఒక్క వాక్యం రాయించడానికి ఎందుకు నోరు రాదు?

వైద్యం చేయమని అడిగేవాళ్ళనూ, శిక్ష వేయమని అడిగేవాళ్ళనూ ఎదురెదురుగా నిలబెట్టడం మాకు అర్థం కాదు. నిద్రపట్టని మగవాడికి మందు ఇవ్వండి. మేస్త్రీ బాకీనుంచి విడిపించండి. అదే మనిషి కొట్టినప్పుడు కొట్టినందుకు జవాబు చెప్పించండి. మలేరియా వచ్చిందని చెప్పి దొంగతనం మాఫీ చేయరు, దొంగ అని చెప్పి మలేరియాకు మందు ఆపరు.

చివరిగా సుగ్గికి పోయిన ఆడవాళ్ళ సంగతి. ఊళ్ళో ఉంటే కనీసం గోడ అవతల ఒక ఆపా ఉంటుంది, కేక వినబడితే తలుపు తడుతుంది. పుట్టిల్లు బస్సు దూరంలో ఉంటుంది. బెంగుళూరులో లేస్తున్న మేడ పక్కన రేకుల షెడ్డులో ఆమెకు అత్త లేదు, అమ్మ లేదు, జమాత్ లేదు, భాష రాదు. బయానా ఇద్దరి పేర్న ఉంటుంది కాబట్టి మేస్త్రీకి ఆమె మొగుణ్ణి వదిలిపోకుండా ఉండటమే కావాలి. మగవాడి పని ఒత్తిడి, బాకీ, తాగుడు, ఊరు గాని ఊరి దిగులు, అన్నీ అక్కడ పది రెట్లు. మన కథకులు మసీదు చుట్టూ, మొహర్రం చుట్టూ, నానీమా వంటింటి చుట్టూ ఎన్నో మంచి కథలు రాశారు. ఆ రేకుల షెడ్డు కథ కోసం మేము ఇంకా వెతుకుతున్నాం. ఆమె చేతిలో ఫోన్ ఉంటే 181కి చేయవచ్చు. వాడి మనసు బాగాలేదని వాడే ఒప్పుకుంటే 14416 టెలి మానస్‌కు తెలుగులోనే మాట్లాడవచ్చు, 2022 నుంచి అది నడుస్తోంది. 2005 నాటి గృహహింస చట్టం కింద కేసు వేయడానికి ఆమె ఆదోనికి తిరిగి రానక్కర్లేదు. తాత్కాలికంగా ఎక్కడ ఉంటే అక్కడి మేజిస్ట్రేటు దగ్గరే అర్జీ పెట్టుకోవచ్చు, రేకుల షెడ్డు అయినా సరే. బండి ఎక్కేముందు ఈ మాట ఆమెకు చెప్పేవాళ్ళు బస్టాండు దగ్గర ఎవరైనా ఉండాలి.